మా ఫోర్‌మన్ గారు వెయ్యని నట్టు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రిటైరైన కార్మికుల సంఘం వాళ్ళు ఆయన మీద ఒక పేజీ రాసిమ్మని ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పాను. రాసేది చేత్తో కదా, మోకాళ్ళతో పనేమిటని అవతలి మనిషి అడగలేదు. బతికిపోయాననుకుని ఫోన్ పెట్టేశాను.

మా ఫోర్‌మన్ గారు పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. తెల్లాపూర్‌లో కూతురి ఫ్లాట్లో, పద్నాలుగో అంతస్తులో, పొద్దున పేపరు చదువుతూ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారట. మళ్ళీ పెట్టుకోలేదు. నాకు కబురు చెప్పింది మా బావ. బావంటే మా అక్క మొగుడు. చిట్కుల్‌లో వరసగా రేకుల గదులు కట్టి, ఫ్యాక్టరీల్లో పని చేసుకునే బీహారీలకు కిరాయికిచ్చుకుని బతుకుతున్నాడు. "బామ్మర్దీ, మీ రష్యా సార్ పోయిండట రా" అన్నాడు. ఆయన్ని మా బావ పిలిచే పేరు ఎప్పుడూ అదే, ఎదురుగా అయినా చాటుగా అయినా.

పదకొండో రోజు తర్వాత క్వార్టర్ల కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. వేదిక మీద ఫోటో, పక్కన కుర్చీలో ఆయన భార్య. రిటైరైన పెద్దాఫీసరు ఒకాయన మైకు పట్టుకుని చాలా మంచి మాటలే చెప్పాడు. చివర్లో అన్నాడు: "అంతటి పనివాడు కూడా జీవితంలో ఒక్క పొరపాటు చేశాడు. రష్యా మిషన్‌కి ఇంచీ నట్టు వేశాడు. ఆ ఒక్క నట్టుతో రష్యా ప్రయాణం పోగొట్టుకున్నాడు. ఆయనకే తప్పలేదు, మనమెంత!" అందరూ తలలూపారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే కొంచెం నవ్వారు. మూడో వరసలో కూర్చున్న నేను ఇచ్చిన సమోసా తిని ఇంటికొచ్చాను.

ఆ నట్టు ఆయన వెయ్యలేదు. నేను వేశాను. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ రాత. మిగతావన్నీ దారిలో తగిలేవి.

మాది లక్డారం. చదువు ఏడో తరగతి. ఆ ఏడు తరగతులూ బడికి వెళ్ళింది మధ్యాహ్నం పెట్టే ఉప్మా కోసం. ఆ రవ్వ అమెరికా నుంచి వచ్చేదట. బస్తా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ చేతుల్లో ఒకటి మనదని పంతులు చెప్పేవాడు, ఏది మనదో మాత్రం చెప్పలేదు. కరువొచ్చిన ఏడు రేషన్లో అమెరికా ఎర్ర జొన్నలు ఇచ్చారు. మా అమ్మ వాటితో రొట్టె కొడితే అంచులు విరిగిపోయేవి. "గీ జొన్నలకు మన చెయ్యి అలవాటు లేదు" అని నెమ్మదిగా మళ్ళీ తట్టేది. అలా నా ఒళ్ళు అమెరికా తిండితో పెరిగింది. నా బుర్ర మాత్రం రష్యా వాళ్ళు పెంచారు. దానికి బాధ్యులు మా ఫోర్‌మన్ గారు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఖలాసీగా, అంటే మోతపనికి, చేరి ఫిట్టర్‌నయ్యేసరికి నాకు ఇరవై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. కృష్ణా జిల్లా నుంచి ఈ ఉద్యోగం కోసమే వచ్చారు. పొట్టి చేతుల తెల్లచొక్కా, చెవి మీద పెన్సిలు. పొద్దున రాగానే మిషన్ మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం నిలబడేవారు. జ్వరం చూస్తున్నారా సార్ అంటే, "నీకు లేదుగా, దానికీ లేదు. పద" అనేవారు. ఎర్రజెండా మనిషి. మామూలు ఎరుపు కాదు. కూతురు పుడితే, అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన రష్యా ఆడమనిషి పేరు పెట్టారు. రేషన్ కార్డు రాసే గుమాస్తాకు ఆ పేరు నోరు తిరగక వసంత అని రాసుకున్నాడు. కార్డు మార్పించడానికి ఆయన రెండేళ్ళు తిరిగారు. ఆలోగా ఇంట్లో అందరికీ వసంత అలవాటైపోయింది.

ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, మాస్కోలో, వాషింగ్టన్‌లో కూర్చున్న వాళ్ళ తగాదా మా క్వార్టర్లలో పిల్లల నోటు పుస్తకాల అట్టల దాకా వచ్చింది. జీతాల రోజున గేటు బయట రష్యా పుస్తకాల వ్యాను ఆగేది. టీ నీళ్ళ ఖరీదుకు ఇంత లావు పుస్తకం, అదీ తెలుగులో. వాళ్ళ పత్రికల కాగితం నున్నగా, గట్టిగా ఉండేది. ఊళ్ళో పిల్లలందరి పుస్తకాలకూ అదే అట్ట. మంచులో ట్రాక్టరు ఉన్నది లెక్కల పుస్తకం, మంచు మీద జారే అమ్మాయి ఉన్నది సాంఘికశాస్త్రం. మా బావ కూడా మా ఫ్యాక్టరీలోనే, ఎర్రజెండాకు ఎదురు యూనియన్‌లో ఉండేవాడు. తన పిల్లల పుస్తకాలకు ఆ అట్టలు వెయ్యనివ్వలేదు. ఎక్కడినుంచో అమెరికా క్యాలెండరు సంపాదించి, ఆవు బొమ్మలతో అట్టలు వేశాడు. అమెరికా ఆవులను చూసి బడిలో పంతులమ్మ కూడా ముచ్చటపడిందట. సాయంత్రం ఫోర్‌మన్ గారి ఇంట్లో రేడియోలో మాస్కో తెలుగులో మాట్లాడేది. అదే వేళకు మా బావ తన రేడియోలో అమెరికా వార్తలు ఇంగ్లీషులో పెట్టేవాడు, గట్టిగా. "నీకు సమజైతదా బావా" అంటే, "మాటలు గావు రా, గొంతు ఇను. గా గొంతుల దమ్ముంది" అనేవాడు.

నట్టు దగ్గరికి వస్తున్నాను.

మా షాపులో, అంటే ఫ్యాక్టరీలో మా విభాగంలో, రెండు రకాల మిషన్లు. రష్యా వైపు నుంచి వచ్చినవాటికి మిల్లీమీటర్ల కొలత. అమెరికా వైపు నుంచి వచ్చినవాటికి ఇంచీ కొలత. దేశాలు ఒకదాన్నొకటి ఎంత తిట్టుకున్నా మా దగ్గర పక్కపక్కనే తిరిగేవి. ఫోర్‌మన్ గారు గోడకు రెండు చెక్కలు కొట్టించి, మిల్లీమీటర్ల పానాలకు ఎర్రరంగు, ఇంచీ పానాలకు నీలం రంగు పూయించారు. నట్లకూ బోల్టులకూ అలాగే ఎర్ర డబ్బాలు, నీలం డబ్బాలు. అసలు చిక్కంతా ఒక్క సైజుతో వచ్చేది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టుకి అర ఇంచీ నట్టు ఎక్కుతుంది. తేడా ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. పైగా రెంటికీ ఒకే పానా సరిపోతుంది. నట్టు రెండు చుట్లు హాయిగా తిరిగి, మూడో చుట్టు దగ్గర పట్టేస్తుంది. అప్పుడు పానా వేసి లాగితే బిగిసినట్టే ఉంటుంది, కానీ బిగియదు. అందుకని ఆయన షాపులో ఒక ఆచారం పెట్టారు. ఏ నట్టయినా ముందు మూడు చుట్లు వేళ్ళతో తిప్పాలి. ఆ తర్వాతే పానా ముట్టుకోవాలి. "పానా అబద్ధం చెబుతుందోయ్, వేళ్ళు చెప్పవు" అనేవారు. ఇంకోటి కూడా అనేవారు: "రెండు చుట్లు ఎవడైనా కలిసి తిరుగుతాడు. మూడో చుట్టులో తెలుస్తుంది ఎవడు ఎవడివాడో." పెళ్ళి సంబంధాలకు కూడా అదే చెప్పేవారు.

రష్యా సైన్యం కాబూల్లో దిగిన తర్వాతి చలికాలం. షాపులో అన్నిటికన్నా పెద్ద రష్యా లేతు మిషన్‌ను మొత్తం విప్పి, కడిగి, మళ్ళీ కూర్చుతున్నాం. దగ్గరుండి చూడటానికి రష్యా ఇంజనీరు వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి స్విచ్ వేయాలి. అది సవ్యంగా నడిస్తే ఫోర్‌మన్ గారిని ఆరు నెలల శిక్షణకు రష్యా పంపుతారని అప్పటికే కాగితం వచ్చింది. ఆయన రెండేళ్ళుగా చిన్న పుస్తకం పెట్టుకుని రష్యన్ నేర్చుకుంటున్నారు. సికింద్రాబాద్ వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన ఉన్ని కోటు కూడా కొనుక్కొచ్చారు. దాన్ని చూడటానికి క్వార్టర్లలో ఆడవాళ్ళంతా వచ్చి వెళ్ళారు.

ఆయిల్ పంపునీ మోటారునీ కలిపే కప్లింగుకి నాలుగు బోల్టులు. మూడు బిగించాను. నాలుగో నట్టు చెయ్యి జారి కింద గుంటలో పడింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర మా బావ.

"అరే బామ్మర్దీ, గేట్ మీటింగుకు రావా? తలకాయలు లెక్కపెడుతుండ్రు."

"ఒక్క నట్టు ఉంది బావా, బిగించి వస్త."

"నీ నట్టు పాడుగాను. గక్కడ దేశాలు మునుగుతున్నయ్. జల్దీ రా!"

కాబూల్ ఎటువైపు ఉందో మా బావకు తెలియదు, నాకూ తెలియదు. ఎర్ర డబ్బా షాపు ఆ చివర ఉంది, నీలం డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంది. తీశాను. వేళ్ళతో తిప్పలేదు. పానా వేసి ఒక్క లాగు లాగాను. గేటు దగ్గరికి పరుగెత్తి "రష్యా గో బ్యాక్" అని అరిచాను. నిజం చెప్తే, గట్టిగానే అరిచాను.

రెండింటికి స్విచ్ వేశారు. లేతు నిమిషం సేపు బాగానే తిరిగింది. ఆ తర్వాత పంపు దగ్గర టకటకమని చప్పుడు, వెనకే పెద్ద దెబ్బ. పైన కప్పిన రేకు ఎగిరొచ్చి టీ బకెట్ పక్కన పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పంపు మాత్రం పట్టేసింది. రష్యా ఇంజనీరు వంగి నట్టు తీసి, కింద పడ్డ బోల్టుకి వేళ్ళతో తిప్పాడు. ఒకటి, రెండు. ఆగిపోయింది. దాన్ని మా మేనేజరు అరచేతిలో పెట్టాడు.

మేనేజరు మొహంలో రంగు మారింది. గేటు దగ్గర అరుపులు ఆగి గంట కూడా కాలేదు. "ఎవరు వేశారిది? ఇది కావాలని చేసిన పని" అన్నాడు. ఎవరు ఏ పని చేశారో రాసే జాబ్ కార్డు మీద నా పేరుంది. మా బావ ఏ యూనియనో అందరికీ తెలుసు. నేను గేటు దగ్గర ఏమరిచానో కూడా కొందరు విన్నారు. అది కుట్ర అని తేలితే ఉద్యోగం ఒక్కటే పోయేది కాదు, పోలీసులు వచ్చేవాళ్ళు.

"నేనే వేశాను సార్" అన్నారు ఫోర్‌మన్ గారు. చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నారు. "వీడు భోజనానికి వెళ్ళాడు. ఒక నట్టు తక్కువైతే నేనే వేశాను. చూసుకోలేదు."

ఆయన్ని కుట్రదారు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. కూతురికి అంతరిక్షం పేరు పెట్టిన మనిషాయె. నిర్లక్ష్యం అని రాసి మెమో ఇచ్చారు. వారం తిరక్కుండా రష్యా వెళ్ళే జాబితాలో ఆయన పేరు కొట్టేసి వేరే ఆయన్ని పంపారు. ఆ వేరే ఆయన వెళ్ళొచ్చి, అక్కడ చలి ఎక్కువని చెప్పాడు.

ఆ సాయంత్రం పానాల గోడ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"సార్, ఏసింది నేను గద. మీరెందుకు నెత్తిన ఏసుకుండ్రు?"

ఆయన వేస్టుగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నారు. "మధ్యాహ్నం ఎక్కడున్నావోయ్ నువ్వు?"

"గేటు కాడ."

"ఏమని అరిచావు?"

చేతిలో ఉన్న పానాను గోడకు తగిలించాను.

"నువ్వు వేశానంటే అది కుట్ర. నేను వేశానంటే పొరపాటు. నట్టు అదే, చెప్పేవాడి జెండా వేరు. నీకు ఇద్దరు పిల్లలు."

"మరి మీ రష్యా ప్రయాణం, సార్?"

"రష్యా ఎక్కడికి పోతుందోయ్, వచ్చే ఏడు చూద్దాం."

ఆయన లెక్క తప్పగా నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు శిక్ష వెయ్యకుండా వదల్లేదు. షాపులో ఉన్న నట్లన్నీ నేల మీద కుప్ప పోయించి, రోజూ డ్యూటీ అయ్యాక ఒక గంట ఏరమన్నారు. నేను ఏరుతుంటే పక్కన స్టూలు వేసుకుని రష్యా నవలలు పైకి చదివేవారు. ఒక్కో మనిషికి మూడేసి పేర్లు. "ఇందాకటి వాడే సార్ వీడు?" అని నేను మాటిమాటికీ అడిగేవాణ్ణి. మూడు వారాల్లో నట్లు అయిపోయాయి, నవల కాలేదు. మిగతాది నువ్వే చదువుకో అని పుస్తకం నా చేతిలో పెట్టారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఎనిమిది నెలలకు ముగించాను. ఏడో తరగతి వాణ్ణి ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ నట్ల కుప్ప చలవే.

అలా వాళ్ళింటికి రాకపోకలు మొదలయ్యాయి. ఆదివారం వెళ్తే ఆయన భార్య ఉల్లిపాయ పెసరట్టు వేసి పెడుతూ, "ఏమయ్యా, మీ ఫోర్‌మన్ గారికి నట్టేదో బోల్టేదో కాస్త నేర్పవయ్యా. మాస్కో చూడాల్సిన మనిషి మెమో చూశాడు" అనేవారు. కుక్కర్ మూత బిగియకపోతే, "ఇది కూడా మీరే బిగించారా?" అనేవారు. చుట్టాలొస్తే ఆ కథ, పండక్కి ఆ కథ. ఉన్ని కోటుని బియ్యం డ్రమ్ము మీద కప్పేశారు. ఆయన తల వంచుకుని తింటూ, "ఇంకో అట్టు వెయ్యి" అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే అనుమానం వస్తుందని మొదట్లో నవ్వాను. తర్వాత్తర్వాత అలవాటుగా నవ్వాను.

రష్యా విడిపోయిన వార్త వచ్చిన మర్నాడు షాపంతా ఆయన కోసం చూసింది. మా బావ వేరే షాపు నుంచి పనిగట్టుకుని వచ్చాడు. రాత్రంతా ఒక మాట తయారు చేసుకున్నాడని అక్క తర్వాత చెప్పింది. ఫోర్‌మన్ గారు మామూలుగానే వచ్చి లేతు మీద అరచెయ్యి ఆనించారు. మా బావ ఎదురుగా నిలబడి, కాసేపు బూట్లు చూసుకుని, "టీ తాగినవా సార్?" అన్నాడు. పదేళ్ళుగా తయారైన మనిషి నోటినుంచి వచ్చింది అంతే. ఆయన నవ్వి, "దేశం లేదన్నారు గానీ, మిషన్ నూనె తాగడం మానలేదు కదయ్యా. పద, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నారు. ఆ తర్వాత విడి భాగాలు రావడం ఆగిపోయింది. విరిగినదల్లా ఆయన కాగితం మీద గీసేవారు, మేం ఇక్కడే చేసుకునేవాళ్ళం. ఆయన రిటైరయ్యే రోజుకి ఆ లేతులో సగం పటాన్‌చెరుదే.

వాళ్ళు తెల్లాపూర్ వెళ్ళాక నెలకోసారి చూసి వచ్చేవాణ్ణి. పోయిన ఏడు ఆమె గుడికి వెళ్ళినప్పుడు అడిగాను, "సార్, ఇప్పటికన్న అమ్మకు చెప్తే నా మనసు తేలికైతది" అని. ఆయన బాల్కనీలోంచి బయటికి చూస్తూ, "ఇన్నేళ్ళు అదొక్కటే పట్టుకుని దెప్పింది. అది కాస్తా లాగేసుకుంటే పాపం ఇంకేం దెప్పుతుందోయ్?" అన్నారు. నేను నవ్వాను. ఇంకొంచెం పట్టు పట్టి ఉండాల్సింది.

సభ తర్వాత బావను సలహా అడిగాను. నట్టు సంగతి బావకు అప్పుడే అనుమానమట. "ఇప్పుడు చెప్తే ఎవనికి ఫాయిదా రా? సారు పాయె. ముసలమ్మ పానం ఖరాబైతది, నీ ఇజ్జత్ పోతది" అన్నాడు. తర్వాత, "గా రోజు నిన్ను పిల్సింది నేనే. గది గుడ రాయి" అన్నాడు. రాశాను.

ఇక్కడి దాకా రాసి, అచ్చుకిచ్చే ముందు ఆమెకు వినిపించడం ధర్మమనిపించింది. నిన్న వెళ్ళాను. కూతురు ఆఫీసుకి వెళ్ళింది, ఆమె ఒక్కరే ఉన్నారు. చదివాను. బావ అమెరికా రేడియో దగ్గర కూడా ఆమె నవ్వలేదు.

"నువ్వు వేశానన్నది మళ్ళీ చదువు" అన్నారు.

చదివాను.

"ఆ ఏడు నేను ఆయనతో నెల్లాళ్ళు మాట్లాడలేదు, తెలుసా? మాస్కో వెళ్తున్నారని మా అన్నయ్యలందరికీ చెప్పుకున్నాను. వాళ్ళ ముందు తల తీసేసినట్టయింది."

"తెల్వదమ్మా."

"మొన్న సభలో కూడా నవ్వాను."

నేను కాగితాలు మడతపెట్టాను.

"నువ్వూ నవ్వేవాడివి" అన్నారు.

"నవ్విన అమ్మా."

ఆమె లేచి, "అచ్చు వేయించు. ఒక్క ముక్క తియ్యకు" అని వంటింట్లోకి వెళ్ళారు. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. వచ్చేటప్పుడు టీ తెచ్చారు. నాకు షుగరుందని ఆమెకు తెలుసు, పన్నెండేళ్ళుగా చక్కెర లేకుండా విడిగా కలిపి ఇచ్చేవారు. నిన్న చక్కెర వేశారు. మరిచిపోయారో, కావాలనే వేశారో నాకు తెలియదు. తాగేసి, కప్పు కడిగి బోర్లించి వచ్చాను.